పొద్దున్నే ఆగిపోయే బొమ్మ

తెర మీద దర్జీ చేతులు గాల్లో ఆగిపోయాయి. కుడిచేయి కంటి దగ్గర ఉంది, ఎడమచేయి గుండె ముందు ఉంది. అది సగం మాట. మిగతా సగం రానిదే డాక్టరుకు చెప్పడానికి వీల్లేదు. దుబాసీ తన చేతులు ఎత్తి "మళ్లీ చెప్పు" అంది. ఆ మాట అవతలికి చేరిందో లేదో తెలియలేదు.

"మేడమ్, మీ బొమ్మ కదలట్లేదు..." కంటి డాక్టరు గొంతు ముక్కలు ముక్కలుగా వినబడింది. తర్వాత అదీ పోయింది.

చెవులు వినబడనివాళ్లకీ డాక్టర్లకీ మధ్య మాట మోయడం ఆమె పని. పడకగదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటరు, వెనక గోడకు చేతులు తేటగా కనబడాలని మేకులు కొట్టి కట్టిన నీలం దుప్పటి. ఇదే ఆమె ఆఫీసు. ఆస్పత్రిలో రోగి ముందు ఒక తెర పెడతారు. డాక్టరు నోటితో అన్నది ఈమె చేతులతో చెబుతుంది. రోగి చేతులతో అన్నది ఈమె నోటితో చెబుతుంది. మధ్యలో బొమ్మ ఆగిపోతే ఇద్దరూ మూగవాళ్లే.

లైను తిరిగి వచ్చేసరికి డాక్టరు వెళ్లిపోయాడు. నర్సు మాత్రం ఉంది.

"అయిపోయిందండీ. ఆవిడ తలూపారు. రెండు కళ్లకీ ఒకేసారి ఆపరేషన్, వచ్చేవారం," అంది నర్సు. తెర ఆపేసింది.

సాయంత్రం దర్జీ తన ఫోన్‌లో వీడియో తీసి పంపింది. వెనక కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన చొక్కా. ఆమె చేతులు మామూలుకంటే వేగంగా కదిలాయి.

"నేను ఒప్పుకోలేదు. నువ్వు బొమ్మలా బిగుసుకుపోయావు. నర్సు నీవైపు చూసి నాకు బొటనవేలు చూపించింది. నువ్వు బాగానే ఉన్నావా అని అడుగుతోందనుకున్నాను. తలూపాను. రెండు కళ్లూ కట్టేస్తే నాకు ఎవరు ఏం చెబుతారు? నన్ను గదిలో పెట్టి తాళం వేసినట్టే కదా? ఈ మాట డాక్టరుకి చెప్పు. నువ్వే చెప్పు. ఇంకొకళ్లని పంపొద్దు."

ఇంకొకళ్లను పంపినా లాభం లేదు. దర్జీ బడికి వెళ్లి నేర్చుకున్న సైగలు తక్కువ. వాళ్లమ్మా ఆమే కలిసి ఇంట్లో కట్టుకున్న భాష ఎక్కువ. అందులో 'రేపు' అనడానికి ఒక తీరు ఉంది, 'వద్దు' అనడానికి మూడు తీరులున్నాయి. అవన్నీ తెలిసిన దుబాసీ ఈవిడ ఒక్కతే.

ఆమె సూపర్వైజరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"సరే, ఏదీ ఖాయం కాదని ఆస్పత్రికి ఇప్పుడే చెప్తాను. ఆపరేషన్ ముందురోజు పొద్దున డాక్టరు గారు మళ్లీ కూర్చునేలా చూస్తాను," అంది సూపర్వైజరు. "కానీ మీ మాటేంటి? మీకు పొద్దునపూట లైను తెగడం ఇది మొదటిసారి కాదు. మధ్యాహ్నం నిక్షేపంలా ఉంటుంది. పొద్దున్నే ఏమొస్తుంది మీ ఇంటికి?"

"అదే చూస్తున్నాను."

"ఈసారి కూడా తెగిందంటే ఆస్పత్రి పనులు వేరేవాళ్లకి ఇచ్చేస్తాను. తప్పుగా అనుకోకండి."

"తెగదు."

"అంత గట్టిగా చెప్తున్నారు, కారణం దొరికిందా?"

"ఇంకా లేదు. వారం ఉందిగా, దొరుకుతుంది," అంది దుబాసీ.

రాత్రి భోజనాల దగ్గర విచారణ మొదలైంది. ఎవరూ ఏమీ అనకముందే అత్తగారు అందుకుంది.

"నా సీరియల్ వల్లే అంటారు, అంతేగా?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేంటమ్మా?" అంది ఆడపడుచు. ఆమె ఇళ్లకు ప్లాన్లు గీస్తుంది. ముందుగదిలో ఆమెకో కంప్యూటరు ఉంది.

"నువ్వు మాట్లాడకు. నువ్వు పంపే ఆ ఇళ్ల బొమ్మలు ఎంత బరువో! మేడ మీద మేడ, దాని మీద ఇంకో మేడ. అవన్నీ ఆ సన్నటి తీగలోంచి దూరి వెళ్లాలా వద్దా?"

"మరి పెద్ద లైను పెట్టించుకోవచ్చుగా వదినా?"

"మన వీధికి అది ఇంకా రాలేదు. రోడ్డు తవ్వాలట," అన్నాడు దుబాసీ భర్త. అతను సిటీ బస్సు నడుపుతాడు. "అయినా ఎక్కడ జామైందో తెలియకుండా హారన్ కొట్టి ఏం లాభం? ముందు దిగి చూడాలి."

మామగారు తింటూనే విన్నాడు. ఒక మిల్లులో కరెంటు విభాగానికి ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. వీధిలో అందరూ ఆయన్ని ఫోర్‌మన్ అనే పిలుస్తారు. భార్య కూడా కోపం వస్తే అలాగే పిలుస్తుంది. చెయ్యి కడుక్కుని వచ్చాక ఆయన తీర్పు చెప్పాడు.

"గాలిలో వచ్చేదాన్ని నమ్ముకోకూడదమ్మాయ్. తీగ వేస్తా."

మర్నాడు ముందుగదిలోని నెట్ డబ్బా నుంచి పడకగదిలోని కంప్యూటరు దాకా తీగ వేశాడు. గోడ వెంబడి, గుమ్మం పైనుంచి, జానెడుకొక క్లిప్పు కొట్టుకుంటూ. స్కేలు పెట్టి గీసినట్టుంది. ఆ మరుసటి పొద్దున ఒక చెవి డాక్టరు దగ్గర బొమ్మ మళ్లీ ఆగింది. మొదటి రోగితో కాసేపు ఆగి, రెండో రోగికి సర్దుకుంది.

"తీగది తప్పు కాదు," అన్నాడు ఫోర్‌మన్.

"మీ తీగని ఎవరేమన్నారండీ, దానికి హారతొక్కటే తక్కువ," అంది అత్తగారు.

నెట్ కంపెనీ మనిషిని పిలిచారు. మధ్యాహ్నం వచ్చాడు. డబ్బాకు తన పరికరం తగిలించాడు, అంకెలు చూశాడు, ఫోర్‌మన్ వేసిన తీగను చూసి "ఎవరు వేశారండీ?" అని మెచ్చుకున్నాడు. లైనులో తేడా లేదన్నాడు.

"పొద్దున రండి, తెలుస్తుంది," అంది దుబాసీ.

"పొద్దున మా డ్యూటీ స్తంభాల దగ్గరండీ. ఇళ్లకి మధ్యాహ్నమే."

"కంప్యూటరులో ఏవో అప్‌డేట్‌లు నడుస్తుంటాయటగా, వాటివల్ల అవుతుందా?"

"అబ్బే, అవి మర్యాదస్తులండీ. చాటుగా నడుస్తాయి. మీరు పనిలో ఉంటే పక్కకి తప్పుకుంటాయి." అతను పరికరం సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"వీడికి చెప్పడం చెవిటివాడి ముందు..." అని అత్తగారు మొదలుపెట్టి, కోడలి మొహం చూసి ఆగింది. "అదే, గోడకి చెప్పడం," అని సర్దుకుంది.

దుబాసీ ఇక ఎవరినీ పిలవదలుచుకోలేదు. ఆమె వృత్తిలో ఒక పద్ధతి ఉంది. మాట అర్థం కాకపోతే ఊహించి చెప్పకూడదు, అడగాలి. ఇద్దరు ఒకేసారి చేతులాడిస్తే ఒకర్ని ఆపమని, రెండోవాళ్లను చూడాలి. ఇంటికి కూడా అదే పద్ధతి పెట్టింది.

"రేపు పొద్దున నా పని గంటలో అందరూ మీ మీ వస్తువులు ఆపెయ్యండి. ఫోన్లలో నెట్ తీసెయ్యండి. టీవీ, టాబ్లెట్, ప్లాన్ల కంప్యూటరు, ఏదీ వద్దు. నాది ఒక్కటే ఉండాలి. బాగా నడిస్తే ఎల్లుండి ఒక్కొక్కటీ వేసి చూద్దాం. ఎవరిది వేస్తే ఆగుతుందో వాళ్లది."

"నాది వేసినప్పుడే ఆగుతుంది చూడు. నా జాతకం అలాంటిది," అంది అత్తగారు.

మర్నాడు ఆమెకు రోగులెవరూ లేరు. ఊరికి అవతల ఉండే తోటి దుబాసీని కాల్ చెయ్యమంది. పొద్దున అత్తగారు టాబ్లెట్‌ను ఆపి, నమ్మకం చాలక, తీసుకెళ్లి బియ్యం డబ్బా మీద పెట్టింది. ఆడపడుచు తన కంప్యూటరు తీగ పీకి చేత్తో పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. భర్త డిపోకు వెళ్లిపోయాడు. అతని ఫోన్ అతనితోపాటే వెళ్లిపోయింది. ఫోర్‌మన్ మంచం మీద కూర్చుని చూస్తున్నాడు.

కాల్ కలిసింది. తోటి దుబాసీ నవ్వుతూ చేతులాడించింది. కాసేపటికి ఆమె నవ్వు నవ్వుగానే ఆగిపోయింది.

ముందు మాట్లాడింది అత్తగారే.

"ఇప్పుడు చెప్పు తల్లీ. నా సీరియలెక్కడుంది? బియ్యం డబ్బా మీద ఉంది. నేనెక్కడున్నాను? నీ ముందున్నాను."

"నా మేడలెక్కడున్నాయి?" అని ఆడపడుచు తీగ ఊపి చూపించింది.

దుబాసీ తెరవైపు తిరిగింది. ఏ ప్రోగ్రాం ఎంత నెట్ లాగుతోందో చూపించే పేజీ ఒకటి కంప్యూటరులో ఉంటుంది. ఆమె ఇంతకుముందు దాన్ని తెరవలేదు, తెరవాల్సిన పని పడలేదు. తెరిచి చూసింది. ఆమె వీడియో కాల్ అడుగున ఎక్కడో ఉంది. పైన ఉన్నది అప్‌డేట్. దాని కింద ఇంకో అప్‌డేట్. వచ్చేదంతా అవే లాక్కుంటున్నాయి.

"అత్తయ్యా, క్షమించండి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ నా బల్ల మీదే ఉంది," అంది.

"అదేంటి వదినా, అప్‌డేట్ అంటే వెనకాల చాటుగా జరిగేదిగా? దానివల్ల ఇంట్లో నెట్ స్లో అయిపోతుందా?"

"చాటుగా తాగినా కుండలో నీళ్లు తగ్గుతాయిగా."

"మరి ఆ కంపెనీ ఆయన మర్యాదస్తులన్నాడే?"

"కడుపు నిండినవాళ్లకి మర్యాదలుంటాయి. ఇవి పస్తులున్నట్టున్నాయి."

అన్నాక తన మాట మీద తనే ఆగింది. ఎందుకు పస్తులున్నాయి? తోటి దుబాసీకి ఫోన్ చేసింది. ఆమెదీ ఇదే కంపెనీ కంప్యూటరు, ఇదే ప్రోగ్రాం, ఆమె వీధిలోనూ ఇలాంటి లైనే.

"నాకెప్పుడూ ఆ గొడవ లేదే," అంది తోటి దుబాసీ. "రాత్రి దాన్ని అలాగే వదిలేస్తాను. దాని పని అది చేసుకుంటుంది. పొద్దున లేచి చూస్తే అన్నీ అయిపోయుంటాయి. మీరు రాత్రి ఏం చేస్తారు?"

దుబాసీ మంచం మీద కూర్చున్న మామగారిని చూసింది. రాత్రి ఏం చేస్తారో ఇంట్లో అందరికీ తెలుసు. పడుకునే ముందు ఫోర్‌మన్ ఇల్లంతా తిరుగుతాడు. టీవీ, వాషింగ్ మెషిన్, రెండు కంప్యూటర్లు, నెట్ డబ్బా, అన్నిటికీ గోడ దగ్గర స్విచ్చి తీసేస్తాడు. ఫ్రిజ్జుకూ ఫ్యాన్లకూ మాత్రం మినహాయింపు. పొద్దున కాఫీ తాగాక మళ్లీ ఒక చుట్టు తిరిగి అన్నీ వేస్తాడు. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి ఆమె చూస్తూనే ఉంది. చూసీ చూసీ కనబడటం మానేసింది.

కంప్యూటరుకు ఈ ఇంట్లో రాత్రి అన్నది లేదు. సందు చూసుకుని చెయ్యాల్సిన పనులన్నీ పొద్దున స్విచ్చి వేసేదాకా కాచుకుని ఉంటున్నాయి. వెయ్యగానే మొదలుపెడుతున్నాయి. సరిగ్గా అప్పుడే ఆమె పనీ మొదలవుతోంది. రెండో రోగి వచ్చేసరికి వాటి ఆకలి తీరుతోంది. పెద్దవి ఉంటే ఆ పూట తీరదు, సాయంత్రం దాకా కొంత, స్విచ్చి తీశాక అక్కడితో సరి, మర్నాడు మళ్లీ మొదలు.

అప్‌డేట్‌లను ఆపెయ్యడానికీ లేదు. ఆమె సంస్థకు ఒక నియమం ఉంది. రోగుల మాటలు నడిచే కంప్యూటరులో రక్షణ అప్‌డేట్‌లు బాకీ ఉంటే ఆస్పత్రి ప్రోగ్రాం తెరుచుకోదు. అంటే అవి రావాలి, పొద్దునపూట మాత్రం రాకూడదు.

ఆడపడుచుకు సంగతి అర్థమైంది. వదిన చెవి దగ్గర గొణిగింది.

"నాన్నకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? నేను చెప్తే ఇద్దరం ఇల్లు వదిలి వెళ్లాలి."

"నేను చెప్తాలే."

నిజానికి ఆమె చెప్పదలుచుకోలేదు, అడగదలుచుకుంది. ఎదుటివాళ్ల భాషలోకి తేనిదే మాట చేరదని ఆమెకు తెలుసు. మధ్యాహ్నం ఫోర్‌మన్ వసారాలో కూర్చుని టేబులు ఫ్యానుకు నూనె వేస్తుంటే పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"మావయ్యా, మిల్లులో కరెంటు పోయి మళ్లీ వస్తే ఏం చేసేవారు?"

"ఏం చేస్తాం? వచ్చేలోపు పరిగెత్తి అన్ని మోటార్లకీ స్విచ్చిలు తీసేసేవాళ్లం."

"ఎందుకు తియ్యడం? వచ్చాక వాటంతటవే తిరుగుతాయిగా."

ఫోర్‌మన్ ఆమెవైపు జాలిగా చూశాడు. "మోటారు తిరిగేటప్పుడు తినేది వేరు, లేచేటప్పుడు తినేది వేరమ్మాయ్. లేచేటప్పుడు దానికి నాలుగింతలు కావాలి. అన్నీ ఒక్కసారి లేస్తే మెయిన్ తట్టుకోదు. ఎగిరిపోతుంది. అందుకని ఒకటి లేపి, అది కుదురుకున్నాక ఇంకోటి. కొత్తగా వచ్చినవాడికి నేను నేర్పే మొదటి పాఠం అదే. వాడు కంగారుపడి రెండు ఒకేసారి వేశాడో, నా నోట్లోంచి వచ్చేవి మీ అత్తయ్య ముందు చెప్పకూడదు."

"రాత్రంతా కరెంటు లేక, పొద్దున్నే వస్తే?"

"అప్పుడు ఇంకా జాగ్రత్త. అన్నీ చల్లబడి..." ఆయన చేతిలోని నూనెడబ్బా ఆగింది. గది లోపలికి చూశాడు. గోడ వెంబడి తాను కొట్టిన క్లిప్పుల వరస మీదుగా చూపు నెట్ డబ్బా దాకా వెళ్లింది. 

"ఓహో," అన్నాడు. "పొద్దున నేను మెయిన్ వేసి అన్నీ ఒకేసారి లేపుతున్నానన్నమాట."

"నేనా మాట అనలేదు మావయ్యా."

"అనకుండా అనిపించావు. ఇలాంటివాటికే నీకు జీతమిచ్చేది." ఆయన కాసేపు ఫ్యాను రెక్కలు చేత్తో తిప్పాడు. "రాత్రి ఆన్‌లో వదిలెయ్యమంటావు. అది మాత్రం నావల్ల కాదు. మిల్లులో ఎవడో బల్ల కింద హీటరు వదిలేసి ఇంటికెళ్లాడు. పొద్దున మేం వెళ్లేసరికి ఒక షెడ్డు లేదు. వాడు మంచివాడే. స్విచ్చి మర్చిపోయాడంతే. ఆ బూడిద నేను ఎత్తాను. మనుషులు పడుకున్న ఇంట్లో ఏ యంత్రమూ మేలుకుని ఉండకూడదు."

"ఉండొద్దు. మరి ఎప్పుడు తినమంటారు వాటిని?"

ఇది ఫోర్‌మన్ ఎదురుచూడని ప్రశ్న. చాలాకాలంగా ఆయన్ని ఎవరూ షిఫ్టు వెయ్యమని అడగలేదు. ఆయన వెన్ను నిటారైంది.

"నీ రోగులు ఎప్పుడైపోతారు?"

"భోజనం వేళకి."

"అయితే నీ మోటారు భోజనమయ్యాక. దాన్ని ఒక్కదాన్నే తిననియ్యి, ఇంకేదీ కదలకూడదు. మీ ఆడపడుచుది సాయంత్రం. టీవీ, మీ అత్తయ్య సీరియల్ పలకా వంటయ్యే టైములో. పొద్దున నువ్వు పని దిగేదాకా ఇంకొక్కటీ లేవడానికి లేదు. ఒకటి లేచి కుదురుకున్నాకే ఇంకోటి."

ఆ రోజు నుంచి ఇంట్లో షిఫ్టులు మొదలయ్యాయి. భోజనాలవగానే ఫోర్‌మన్ పడకగది గుమ్మంలో నిలబడేవాడు. "అమ్మాయ్, నీ మోటారు లేపు." దుబాసీ అప్‌డేట్ పేజీ తెరిచి, ఉన్నవన్నీ తెచ్చుకోమని నొక్కేది. ఆయన వెనకాల నిలబడి, నెట్ ఎంత లాగుతోందో చూపే గీత తెర మీద పైకి లేవడం చూసేవాడు. "అదిగో, స్టార్టింగ్ లోడు. చూశావా ఎంత తింటోందో!" గీత దిగాక "ఆ, కుదురుకుంది," అని ముందుగదిలోకి వెళ్లి కూతురి మీద పడేవాడు.

"నాన్నా, క్లయింటుకి ప్లాను పంపాలి."

"నీ షిఫ్టు కాదిది."

"నేను పెళ్లి చేసుకుని వెళ్లిపోతా."

"వెళ్లు. సాయంత్రం షిఫ్టు ఖాళీ అవుతుంది."

పొద్దునపూట బొమ్మ ఆగడం మానేసింది. చెవి డాక్టరు దగ్గర ఆగలేదు, పిల్లల డాక్టరు దగ్గర ఆగలేదు. సూపర్వైజరు ఫోన్ చేసి "ఏం చేశారండీ?" అని అడిగింది. "మా ఇంట్లో ఫోర్‌మన్ ఉన్నారు," అంది దుబాసీ. సూపర్వైజరు అదేదో కొత్త ప్రోగ్రాం పేరనుకుంది.

దర్జీ మాట డాక్టరుకు చెప్పాల్సిన రోజుకు ముందు సాయంత్రం సంస్థ నుంచి సందేశం వచ్చింది. ఆస్పత్రి ప్రోగ్రాం కొత్తది విడుదలైంది. రేపటి నుంచి పాతది తెరుచుకోదు. అందరూ ఈ రాత్రికే తెచ్చుకోవాలి.

దుబాసీ వెంటనే మొదలుపెట్టింది. ఊళ్లో ఉన్న దుబాసీలందరూ అప్పుడే మొదలుపెట్టినట్టున్నారు. గీత పైకి లేవకుండా నేలబారునే పాకుతోంది. ఫోర్‌మన్ చెప్పకుండానే ఆడపడుచు తన కంప్యూటరు ఆపేసింది. అత్తగారు టాబ్లెట్‌ను బియ్యం డబ్బా ఎక్కించింది. భోజనాలయ్యాయి. గిన్నెలు కడగడమైంది. అది సగం దాకా వచ్చింది.

"అవ్వకపోతే?" అంది ఆడపడుచు.

"పొద్దున లేచి తెచ్చుకుంటే సరిపోదా?" అన్నాడు భర్త.

"అదీ, రాత్రంతా కాచుకున్న ఇంకేవో, నా వీడియో కాల్ కూడా, అన్నీ ఒకేసారి లేస్తాయి. డాక్టరు గారు మొదటి రోగి కంటే ముందే కూర్చుంటున్నారు," అంది దుబాసీ. ఆమె గొంతులో కంగారు లేదు. ఉన్న విషయం చెప్పింది. మామగారిని ఏమీ అడగలేదు. ఆయనకు వినబడేంత దూరంలోనే చెప్పింది.

ఫోర్‌మన్ లేచాడు. రోజూ లేచే వేళే అది. టీవీ స్విచ్చి తీశాడు. వాషింగ్ మెషిన్ తీశాడు. కూతురి కంప్యూటరుది తీశాడు. నెట్ డబ్బా ముందుకొచ్చి నిలబడ్డాడు. డబ్బా చెక్క అరలో ఉంది, పక్కనే కిటికీ కర్టెన్. దాని మీద అరచెయ్యి పెట్టి చూశాడు. ఇల్లంతా ఆయన చేతినే చూస్తోంది.

"ఆ దర్జీ ఆవిడ రెండు కళ్లూ కడతారన్నావు?"

"రేపు నేను చెప్పలేకపోతే కడతారు."

"చూడ్డానికి లేకపోతే ఆవిడకి వినడానికీ లేదన్నమాట."

"లేదు మావయ్యా."

ఆయన స్విచ్చి మీద చెయ్యి వెయ్యలేదు. వంటింట్లోకి వెళ్లి, గట్టుకు వేయగా మిగిలిన నున్నటి పలకరాయి ముక్క పట్టుకొచ్చాడు. గోడకు దూరంగా నేల మీద పెట్టి, డబ్బాను అరలోంచి దించి దాని మీద పెట్టాడు. కర్టెన్ ఎత్తి ముడేశాడు. పడకగదిలోకి వెళ్లి కంప్యూటరు చుట్టూ ఉన్న కాగితాలు తీసి కోడలి చేతిలో పెట్టాడు. వెనక గోడకున్న నీలం దుప్పటి విప్పి మడత పెట్టాడు.

"పొద్దున మళ్లీ కట్టుకో," అన్నాడు. "పడుకోండిక. మోటారు నడుస్తుంటే చుట్టూ గుమిగూడకూడదు."

"ఫోర్‌మన్ గారూ, మీరు?" అంది అత్తగారు.

"నేనూ పడుకుంటాను. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక కూడా మేలుకుని ఉన్నానంటే నా పని మీద నాకే నమ్మకం లేనట్టు."

పొద్దున దుబాసీ లేచేసరికి పని పూర్తయి ఉంది. తెర మీద గీత నేలబారున పడుకుని ఉంది. ఆమె దుప్పటి కట్టుకుంది, జుట్టు ముడేసుకుంది, గాజులు తీసి సొరుగులో పెట్టింది. కాల్ కలిపింది. కొత్త ప్రోగ్రాం తెరుచుకుంది.

దర్జీ ముందుకు వంగి తెరలోకి పరీక్షగా చూసింది. "కదులుతున్నావు," అంది.

"కదులుతూనే ఉంటాను. చెప్పు."

దర్జీ చెప్పింది. ఈసారి వాక్యం మొదటి నుంచి చివరిదాకా వచ్చింది. రెండు కళ్లూ ఒకేరోజు వద్దు. ఒకటి చేసి, అది తెరిచాక రెండోది. తాను ఆవేళ తలూపింది దుబాసీ గురించి అడిగారనుకుని. దుబాసీ ఒక్కో మాటా డాక్టరుకు అందించింది.

"ఒకేసారైతే ఆవిడకే సులువు కదా, మళ్లీ మళ్లీ రావక్కర్లేదు," అన్నాడు డాక్టరు. "ఒక్క రోజే కదండీ కట్టు ఉండేది."

దుబాసీ చేతులు ఆ మాట చేరవేశాయి. దర్జీ చేతులు జవాబిచ్చాయి. దుబాసీ దాన్ని దర్జీ అన్నంత గట్టిగానే అంది.

"ఆ ఒక్క రోజు మీ నోరూ చెవులూ కూడా కట్టుకుని కూర్చుంటారా డాక్టరు గారూ? కూర్చుంటానంటే నేనూ ఒప్పుకుంటాను."

నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది. డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇది నాకు తట్టలేదు," అన్నాడు. "సరే, ఒక్కొక్కటిగానే చేద్దాం. ముందు ఏది చెయ్యమంటారో అడగండి."

దర్జీ ఆ ప్రశ్నకు ఆలోచించలేదు. "ఎడమది ముందు. సూదిలో దారం ఎక్కించేది కుడికన్నుతో. ఎడమది బాగుందని చూసుకున్నాకే దాని జోలికి రండి."

"ఆ కుడికన్నులోనూ పొర ఉంది కదా, అంత బాగా కనిపిస్తోందా?" అని అడిగాడు డాక్టరు.

దుబాసీ అడిగింది. దర్జీ ఎడమకన్ను అరచేత్తో మూసుకుంది. కుడికన్నుతో డాక్టరును పైనుంచి కిందకి చూసింది. ఒంటిచేత్తో ఏదో చెప్పింది, మెడ దగ్గర వేలితో చిన్న సున్నా చుట్టి, దాన్ని కిందికి జారవిడిచింది.

"ఏమంటున్నారు?"

"మీ కోటు పై గుండీ దారం వదులైందట," అంది దుబాసీ. "సాయంత్రంలోగా ఊడుతుందట."

డాక్టరు తల వంచి చూసుకున్నాడు. గుండీ పట్టుకున్నాడు. అది ఆయన చేతిలోకి వచ్చేసింది.